అవ్వ రాసింది ఒకటి, నేను చదివింది ఒకటి

నవంబర్ 3, సోమవారం

నగేశ్ చిన్నాయన ఎల్లారెడ్డి నుంచి బైకు మీద వచ్చి, ఎరువుల సంచి ఒకటి నా ఒళ్లో పెట్టాడు. సంచి నిండా అవ్వ డైరీలు. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ హన్మవ్వ, నిరుడు పోయింది.

"ఇరువై మూడు నాడు అవ్వ ఏడాది చేస్తున్నం గద. సందూక సదురుతుంటే దొరికినయ్. మా ఇంట్ల ఎవ్వలకు ఆమె రాత సమజైతలేదు. నీకైతే అలవాటే గద బిడ్డా. మంచి మంచియి ఏమన్న ఉంటే తీసి పెట్టు, ఆ రోజు అందరి ముంగట చదువుదాం," అన్నాడు. బాపు లోపలి నుంచి వచ్చేసరికి చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. వరి కోత మిషను పొలం దగ్గర నిలబడి ఉందట.

అవ్వ నడివయసులో రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది. వత్తులు అనవసరమని ఆమె అభిప్రాయం. పదాల మధ్య జాగా వదలడం కాగితం దండగ. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోయినప్పుడల్లా ఆమె పక్కన కూర్చుని పలక మీద దిద్దినదాన్ని కాబట్టి ఆ రాత చదవడం నాకొక్కదానికే వచ్చు. ఎరువుల దుకాణంవాళ్లు ప్రతి ఏడూ ఊరికే పంచే డైరీలు ఇవి. తేదీలు ఆమెకు పట్టవు. వారం రాస్తుంది. అంతే.

మొదటి పేజీ తెరవగానే ఇది కనబడింది. వత్తులు నేను పెట్టి రాస్తున్నాను:

"సోమారం. సుకన్య పప్పు చేసింది. కుక్కకు ఏసిన. అది నా దిక్కు జూసింది. నేను దాని దిక్కు జూసిన."

సుకన్య అంటే నగేశ్ చిన్నాయన భార్య. మా చిన్నమ్మ. అవ్వ చివరి మూడేళ్లూ ఆమె చేతి వంటే తిన్నది.

లేదు. తినలేదు, పేజీని బట్టి చూస్తే.

నవంబర్ 4, మంగళవారం

పొద్దున పది గంటలకు తలుపు వేసుకుని "మీటింగ్" అన్నాను. అమ్మ మిక్సీ ఆపేసింది, పాపం. హైదరాబాద్ కంపెనీవాళ్లు నన్ను జూలైలోనే తీసేశారని ఈ పుస్తకానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇంట్లో అందరి లెక్కలో నేను కామారెడ్డి నుంచే పని చేస్తున్నాను. చెప్పాలి. చెప్తాను. ముందు అవ్వ ఏడాది అయిపోనీ.

మీటింగ్‌లో అవ్వ డైరీ చదివాను. నవ్వు ఆపుకోవడానికి దిండు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. ఒక్కరినీ వదల్లేదు ముసలిది.

సాయంత్రం సుకన్య చిన్నమ్మ ఫోన్ చేసింది. "ఏం నిహారికా, నౌకరి ఎట్లున్నది? జీతం పెంచిన్రా? మల్ల హైదరాబాద్ ఎప్పుడు పోతవ్?" అని వరసగా మొదలుపెట్టింది. ఏదో ఒకటి అనాలి కదా.

"చిన్నమ్మా, అవ్వ నీ గురించి రాసింది," అన్నాను.

చాలా మెల్లగా, "ఏం రాసింది?" అంది.

కుక్క నా కళ్ల ముందు నిలబడింది. నేను చదివాను: "సోమారం. సుకన్య పప్పు చేసింది. మనసు నిండింది. నేనొక్కదాన్నే తింటే పాపమని ఇంకొకలకు గూడ పెట్టిన."

మనసు నిండిందన్నది తప్ప అంతా నిజమే, ఒక రకంగా చూస్తే.

చిన్నమ్మ ఏడ్చింది. ఉద్యోగం ఊసే మళ్లీ ఎత్తలేదు.

నవంబర్ 5, బుధవారం

ఈ రోజు ఎవరూ నన్ను ఉద్యోగం గురించి అడగలేదు.

నవంబర్ 7, శుక్రవారం

చిన్నమ్మ ఆ వాక్యాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పేరు "హన్మవ్వ పరివారం". కువైట్‌లో ఉండే మహేందర్ బావ పెట్టిన గ్రూపు అది. ఇన్నాళ్లూ అందులో పొద్దున పూల బొమ్మలు, పండుగ శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు ఒకటే మోత. నాదేం రాసింది, నాదేం రాసింది అని.

బాపు నేరుగా అడగడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. అడగడమంటే ఇతరుల దగ్గర టికెట్ అడగడమే తెలుసు. నా గది బయట రెండుసార్లు దగ్గాడు. మూడోసారి లోపలికొచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు చూస్తూ, "మా అవ్వ... నన్ను గూడ ఏమన్న అన్నదా?" అన్నాడు.

అవ్వ రాసింది: "పెద్దోడు వచ్చిండు. బస్సుల మంది మీద ఒర్రి ఒర్రి ఇంట్ల గూడ గట్లనే మాట్లాడుతడు. కూసోనికె జాగ చూపిచ్చిన. చిల్లర ఇయ్యి అన్న. నవ్వలే."

నేను చదివింది: "పెద్దోడు వచ్చిండు. ఇంట్ల దీపం పెట్టినట్టయింది."

కాసేపటికి చూస్తే, బాపు అవ్వ ఫోటో పక్కన ఆ వాక్యం పెట్టుకుని స్టేటస్ వేసుకున్నాడు. బాపు జీవితంలో అది మొదటి స్టేటస్.

నేను చేస్తున్నది మంచి పనేనని నాకనిపిస్తోంది. పోయినవాళ్ల మాట మీద నలుగురు సంతోషపడితే తప్పేముంది?

నవంబర్ 9, ఆదివారం

నిన్న ఫోన్‌లో మహేందర్ బావది చదివాను. ఇవాళ చిన్నాయన వంతు.

అవ్వ: "నగేశ్ కొత్త ఫోను కొన్నడు. మన పొలంల నీళ్లు పక్కోని మడిల పడుతున్నయ్, అది తెల్వది. ఎక్కడ్నో దేశంల వాన వడ్డదని చెప్తడు."

నేను: "నగేశ్‌కు లోకజ్ఞానం ఎక్కువ. ఏ దేశం సంగతైన చెప్తడు."

దీన్ని అబద్ధం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నవంబర్ 10, సోమవారం

చిన్నాయన బస్సులో బస్తా సన్నబియ్యం పంపాడు. చిన్నమ్మ అదే బస్సులో స్టీలు డబ్బా నిండా పప్పు పంపింది, "అవ్వకు ఇష్టమైనది, నువ్వు గూడ తిను బిడ్డా" అని.

ఆ పప్పు ఏమైందో రాయను.

నవంబర్ 12, బుధవారం

కొంప మునిగింది.

చిన్నమ్మ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఏడాదినాడు వంటమనిషి పోచన్న మిగతావన్నీ చేస్తాడట, పప్పు మాత్రం తనే చేస్తుందట, వచ్చిన బంధువులందరికీ. "అవ్వ మనసు నిండిన పప్పు. ఆమె పేరు మీద నా చేతులతోని పెడ్త," అంది. కింద అందరూ దండాల బొమ్మలు పెట్టారు.

అంతటితో ఆగితే బాగుండేది. చివర్న, "అవ్వకు నేను తిండి పెట్టలేదని నలుగుర్ల నిలబెట్టి అన్నోళ్లు ఉన్నరు. ఇప్పుడు అవ్వనే రాసి పోయింది. ఇగ నేను చెప్పేదేం లేదు," అంది.

అన్నోళ్లు అంటే సత్యమ్మ అత్త. బాపు చెల్లెలు, అవ్వకు ఒక్కగానొక్క కూతురు. బీబీపేటలో ఉంటుంది. అవ్వ దినాలప్పుడు, వాకిట్లో అందరూ ఉండగా చిన్నమ్మను పట్టుకుని, "మా అవ్వ ఎముకలు తేలిపోయింది. కడుపునిండ పెట్టినవా నువ్వు?" అని అడిగేసింది. చిన్నమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం వెళ్లిపోయిన అత్త మళ్లీ ఎల్లారెడ్డి ఇంటి గడప తొక్కలేదు. ఏడాదికి రావద్దనే అనుకుందట కూడా.

అత్త కూడా ఆ గ్రూపులోనే ఉంది. వినే ఉంటుంది.

నవంబర్ 13, గురువారం

అత్త ఫోన్ చేసింది.

"బిడ్డా, ఆ పప్పు సంగతి నిజంగనే రాసిందా అవ్వ?"

"ఊఁ" అన్నాను.

"నేను వచ్చినప్పుడల్లా అవ్వ సగం పళ్లెంల చెయ్యి కడుగుతుండె. ఏంది అవ్వా అంటే ఆకలి లేదంటుండె. సుకన్య సరిగ పెడ్తలేదేమో, భయపడి చెప్తలేదేమో అనుకున్న. ఎంత మాట అన్న నేను! వాకిట్ల, అందరి ముంగట. ఆమె ఎట్ల ఓర్చుకున్నదో."

ఇక్కడ నేను చెప్పి ఉండాల్సింది. అత్తా, ఆకలి లేక కాదు, పప్పు బాగలేక అని. ఒక్క వాక్యం.

"ఏడాదికి వస్తవు గద అత్తా?" అని అడిగాను.

"వస్త. వచ్చి ఆమె చేతులు పట్టుకుంట," అంది. పెట్టేసే ముందు, "నా గురించి ఏమన్న రాసిందా?" అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఆ రోజు చదువుత," అన్నాను.

నవంబర్ 14, శుక్రవారం

రేపు అత్తకు చెప్తాను.

నవంబర్ 15, శనివారం

రేపు.

నవంబర్ 17, సోమవారం

ఆలోచిస్తే, చెప్పకపోవడమే అందరికీ మంచిదనిపిస్తోంది. ఏడాదిగా మాటల్లేని ఇద్దరు కలవబోతున్నారు. అవ్వ ఉంటే ఇదే కోరుకునేది. నేను అవ్వ కోరికే తీరుస్తున్నాను.

పప్పు ఒక్కటే సమస్య. పప్పు సంగతి చూడాలి.

నవంబర్ 19, బుధవారం

చిన్నమ్మకు ఫోన్ చేశాను. అంతమందికి పప్పంటే మాటలు కాదు, నువ్వు అలసిపోతావు, పోచన్నకే వదిలెయ్ అన్నాను. "అవ్వ కోసం అలుపేంది బిడ్డా," అంది. పప్పు బదులు పాయసం చెయ్యి అన్నాను. "అది గూడ చేస్త," అంది.

ఫోన్ పెట్టేశాను. ఇంకొంచెం మాట్లాడితే వంకాయ కూర కూడా ఆమె చేతిలోకే పోయేది.

నవంబర్ 21, శుక్రవారం

అత్త గురించి అవ్వ రాసిన పేజీలు ఏరాను. ఏరితే ఏముంది? ఒక్క మంచి మాట లేదు. తల్లి అయ్యుండి ఇంత కటువు మనిషా అనిపించింది. ఏడాది తరవాత గడప తొక్కుతున్న మనిషి ముందు ఇవి ఎట్లా చదవను? కూర్చుని మంచిది ఒకటి రాశాను. నా మటుకు నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నవంబర్ 22, శనివారం

ఎల్లారెడ్డి. మంది, పిల్లలు, చాపలు. పెన్ను దొరకడమే కష్టమైంది.

నవంబర్ 24, సోమవారం, పొద్దున

నిన్న రాయలేదు. ఇప్పుడు అందరూ చాయ్‌లు తాగుతున్నారు, నేను మేడ మీద కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పూజ చేయించే అయ్యగారు వచ్చాడు. బాపు, చిన్నాయన బియ్యం ఇచ్చారు. అవ్వ ఫోటోకు బంతిపూల దండ వేశారు. పెరట్లో పోచన్న పెద్ద పొయ్యిల మీద వంకాయ, పచ్చిపులుసు, గారెలు చేస్తున్నాడు. పక్కన ఇంకో పొయ్యి మీద పెద్ద గంజులో చిన్నమ్మ పప్పు. పోచన్న ఒకసారి వచ్చి గరిటెతో అరచేతిలో వేసుకుని నాకాడు. పోయి నీళ్లు తాగాడు. మళ్లీ ఆ పక్కకు రాలేదు.

పదకొండింటికి ఆటో వచ్చి ఆగింది. సత్యమ్మ అత్త దిగింది. అత్త ఎవరి దిక్కూ చూడకుండా పెరట్లోకి నడిచింది. చిన్నమ్మ చేతిలో గరిటె ఉండగానే ఆ చేతులు రెండూ పట్టుకుంది.

"తప్పు మాట్లాడిన సుకన్యా. అవ్వ రాసుకున్నదట గద. నా నోరు మంచిది గాదు. మనసుల పెట్టుకోకు."

"గట్లనకు వదినె," అంటూ చిన్నమ్మ ఏడ్చింది. గరిటె నుంచి పప్పు ఇద్దరి చీరల మీదా పడింది. బాపు తువ్వాలుతో మొఖం తుడుచుకున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఒక్క చిన్న అబద్ధం ఎంత పని చేసిందో అనుకున్నాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అది దాచి రాస్తే ఈ పుస్తకం ఎందుకు?

అందరం అరుగు మీద కూర్చున్నాం. చిన్నమ్మే అంది, "నిహారికా, వదినెది చదువు. పాపం, ఎదురుచూస్తున్నది."

డైరీ తెరిచాను. లోపల నేను రాసి పెట్టుకున్న కాగితం ఉంది. గొంతు సవరించుకుని చదివాను: "ఐతారం. నా బిడ్డ సత్యమ్మ నా ఇంటి లక్ష్మి. దాని చేతి స్పర్శ తగిలితే నా నొప్పులన్నీ మాయమైతయ్. దేవుడిచ్చిన వరం."

చుట్టూ అందరూ "అబ్బా" అన్నారు. అత్త మాత్రం నన్నే చూస్తోంది.

"ఏం తగిలితే?" అంది.

"స్పర్శ."

"మా అవ్వకు ఒత్తులే రావు. స్పర్శ ఎట్ల రాసింది?"

ఎవరో నవ్వారు. నేను పేజీ తిప్పినట్టు చేశాను.

"నన్ను లక్ష్మి అంటదా?" అంది అత్త. గొంతు పెరిగింది. "పుట్టిన కాణ్నుంచి 'ఏయ్ సత్తీ' అని తప్ప ఒక్కనాడు పిలువలే. నా పెండ్లినాడు గూడ 'ఏయ్ సత్తీ, ముక్కు తుడుసుకో' అన్నది. నేను మా అవ్వను ఎర్గనా? ఇది ఆమె మాట గాదు. ఆమె రాసింది చదువు."

"అత్తా, అది బాగుండదు..."

"బాగుండకుంటే బాగుండకపోనీ. ఏడాదైంది బిడ్డా ఆమె గొంతు వినక. తిట్టినా సరే, ఆమెదే చదువు."

నేను కాగితం మడిచి పక్కన పెట్టాను. అసలు పేజీ తీసి చదివాను.

"ఐతారం. సత్తి వచ్చింది. వచ్చుడుతోనే ఇల్లు ఊడ్చింది. నేను పొద్దుగాల ఊడ్చిన. నేను ఊడిస్తె ఊడ్చినట్టు గాదట. నా దువ్వెన బాగలేదని పారేసింది. నా చెప్పులు బాగలేవన్నది. నేను బాగలేనని గూడ అంటదేమో అని దూరం కూసున్న. ఒక్కతీరుగ ఒర్రింది. బస్సెక్కి పోయింది. ఇల్లు సప్పుడు లేదు. గీ సప్పుడు లేకుంట ఎట్ల పండాలె?"

అత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వుతోందనుకున్నాను. తరవాత ఏడుస్తోందనుకున్నాను. రెండూ కలిసే వస్తున్నాయి ఆమెకు. "ఆ దువ్వెనకు పండ్లే లేకుండె గద అన్నా," అంటూ బాపు భుజం మీద కొట్టింది. "ఇంకోపారి చదువు బిడ్డా." చదివాను. "ఇంకోపారి." మళ్లీ చదివాను.

ఇంతలో సుకన్య చిన్నమ్మ లేచి నిలబడింది.

"అయితే నాది?" అంది.

అమ్మ తొందరగా, "అన్నాలు తిన్నంక చదువుకుందాం తియ్," అంది. అమ్మకు అప్పటికే అర్థమైనట్టుంది.

"ఇప్పుడే," అంది చిన్నమ్మ. "మనసు నిండింది అని చదివినవ్ గద. అది ఆమె మాటనా, నీ మాటనా?"

నేను తల వంచుకుని ఆ మొదటి పేజీ తీశాను. చదివాను. పప్పు చేసింది. కుక్కకు ఏసిన. అది నా దిక్కు జూసింది. నేను దాని దిక్కు జూసిన.

చిన్నాయన నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వు కాదన్నట్టు వెంటనే దగ్గాడు. అందరూ అత్త దిక్కు చూశారు. ఏడాది కింద ఆమె అన్న మాటకు ఇప్పుడు సాక్ష్యం దొరికింది మరి. అత్త నేల చూపు చూస్తూ కూర్చుంది. చిన్నమ్మ లోపలికి పోయి వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంది.

నా వల్ల కలిసినవాళ్లు నా వల్లే మళ్లీ విడిపోతున్నారు. డైరీ పట్టుకుని తలుపు దగ్గరికి పోయాను. కొట్టలేదు. బయట నిలబడే, లోపలికి వినబడేటట్టు చదివాను. ఇది నేను ముందే చూసిన పేజీ. పప్పు మాట ఉందని దాచిన పేజీ.

"బేస్తారం. సుకన్య నా కాళ్లు కడిగి నూనె రాసింది. గోర్లు తీసింది. నేను కన్నోళ్లల్ల ఒక్కలు గూడ గింత చెయ్యలే. పప్పు బాగలేదని చెప్పుదామని నోటిదాక వస్తది. నా కాళ్లు సూసుకుంట. ఊకుంట."

లోపల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. చిన్నమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఉప్పు ఎక్కువనా, తక్కువనా?"

"ఏంది చిన్నమ్మా?"

"పప్పుల. ఏం బాగలేదో రాసిందా?"

"రాయలే."

"గది రాయాలె గద ముసల్ది!" అని అరిచింది చిన్నమ్మ అవ్వ ఫోటో వైపు తిరిగి. "మూడేండ్లు వండిన! ఒక్కనాడు చెప్తే సరిచేసుకుందును గద! కాళ్లు సూసుకుంట ఊకున్నదంట!" అంటూనే ఆగింది. కళ్లు పెద్దవి చేసింది. "ఏ కుక్క? ఆ ఎర్రదా? నేను గిన్నె పట్టుకొని వస్తుంటే గోడ దుంకి పోతుండె, అందుకేనా?"

ముందు అత్త నవ్వింది. అరుగు మీద అందరూ అప్పటిదాకా పట్టుకున్నదంతా వదిలేశారు. చిన్నాయన ఇక దగ్గాల్సిన పని లేకుండా నవ్వాడు. చిన్నమ్మ కూడా నవ్వుతూ, నా చెవి పట్టుకుని నొప్పి పుట్టేదాకా మెలిపెట్టింది. "మనసు నిండిందంట! గంజెడు వండిన నీ మాట పట్టుకొని!"

నవ్వులు తగ్గాక బాపు, "నాది గూడ చదువు," అన్నాడు. మెల్లగా అన్నాడు.

స్టేటస్ గుర్తొచ్చింది. అయినా చదివాను. ఒర్రి ఒర్రి ఇంట్ల గూడ గట్లనే. కూసోనికె జాగ చూపిచ్చిన. చిల్లర ఇయ్యి అన్న. నవ్వలే.

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. అరుగు అంచు మీద చెయ్యి రాస్తూ, "నిజంగనే అన్నది. గీ అరుగు మీదనే కూసొని. నేను మొఖం ముడుసుకున్న. నవ్వి ఉంటే అయిపోతుండె," అన్నాడు.

అత్త జరిగి బాపు పక్కన కూర్చుంది. తరవాత నా దిక్కు చూసి, "మరి నీది?" అంది.

నాది లేదని చెప్దామనుకున్నాను. కానీ అప్పటికే ఆ ఇంట్లో నా మాట నమ్మేవాళ్లు ఎవరూ మిగల్లేదు. తీసి చదివాను.

"మంగళారం. నిహారిక హైద్రాబాద్ కెల్లి ఫోన్ చేసింది. మంచిగున్న అన్నది. అబద్దం. అబద్దమాడితె దాని గొంతు సన్నగయితది, చిన్నప్పటి సంది. అడిగితె ఏడుస్తదని అడుగలే. కారప్పొడి పంపుమని నగేశ్‌కు చెప్పిన. మర్చిపోతడు."

"మర్చిపోయిన," అన్నాడు చిన్నాయన.

అన్నాలకు కూర్చున్నాం. పప్పు అందరి విస్తళ్లలోకీ వచ్చింది. ఎవరూ వద్దనలేదు. ఉప్పు కాదు, చింతపండు కాదు, పప్పు సరిగ్గా ఉడకనే లేదు. అత్త రెండోసారి అడిగి వేయించుకుంది. చిన్నమ్మ నోరు తెరిచి చూసింది. "నువ్వు పెట్టలేదన్న గద. పెట్టు. ఇంకింత పెట్టు," అంది అత్త కళ్లు మూసుకుని నములుతూ. ఇంత పెద్ద ప్రాయశ్చిత్తం చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

సాయంత్రం నాకు శిక్ష పడింది. నేను మార్చిన వాక్యాలన్నీ అసలువి గ్రూపులో పెట్టాలి. పెట్టాను. కువైట్ నుంచి మహేందర్ బావ వెంటనే, "నాది నువ్వు మంచిగనే చదివినవ్ గద, అయితే అసలుది ఏంది?" అని అడిగాడు. పంపాను. బావ ఇంకా జవాబివ్వలేదు.

ఇవాళ పొద్దున వంటింట్లో అత్త, చిన్నమ్మ ఇద్దరూ కందిపప్పు కడుగుతున్నారు. "నీళ్లు ఇంకింత పొయ్యి," "పోసిన వదినె," "పోసినట్టు లేదు," "నువ్వు ఒర్రకు, నేను చూసుకుంట" అంటూ. కింద ఒకటే లొల్లి.

నవంబర్ 24, ఇంటికి వచ్చాక

కామారెడ్డి బస్సులో బాపు, నేను పక్కపక్కన కూర్చున్నాం. అమ్మ ఇంకో రెండు రోజులు ఉండి వస్తానంది. రోడ్డు పక్కన పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. లింగంపేట దాటాక చెప్పేశాను. సన్నగా అయిపోకుండా గొంతు గట్టిగా పట్టుకుని చెప్పాను.

"బాపూ, నాకు నౌకరి లేదు. జూలైల్నే తీసేసిన్రు. ఇన్ని రోజులు ఊకెనే తలుపేసుకొని కూసున్న."

బాపు ముందు సీటు వెనక రాసి ఉన్న అక్షరాలు చదువుతున్నట్టు చూస్తున్నాడు.

"ఎర్కనే," అన్నాడు.

"ఎట్ల?"

"నీ లాప్‌టాప్ చార్జరు దసరా సంది నా బీరువల ఉన్నది."

"ఎందుకు తీసినవ్?"

"నువ్వు ఎప్పుడు అడుగుతవో చూద్దామని. నువ్వేమో దినాం మీటింగులని పోతున్నవ్. మంచి కంపెనీ అనుకున్న. కరెంటు లేకున్న పని నడిపిస్తున్నరు."

ముఖంలో ఏ మార్పూ లేదు. టికెట్లు కొడుతూ "లింగంపేట ఒకటి" అన్నప్పుడు ఎట్లా ఉండేవాడో అట్లాగే ఉన్నాడు. కోప్పడుతున్నాడేమోనని తల వంచుకున్నాను. అప్పుడు నా భుజానికి తగులుతున్న ఆయన భుజం కదులుతోందని తెలిసింది. తలెత్తి చూశాను. పెదాలు బిగపట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వు ఆపుకుంటున్నాడు.

"బాపూ!" అన్నాను.

ఇక ఆగలేదు ఆయన. నేనూ ఆగలేదు. ముందు సీట్లోవాళ్లు తిరిగి చూశారు. కండక్టరు పిల్లాడు దగ్గరికొచ్చి, "ఏమైంది సార్, మంచిగనే ఉన్నరా?" అని అడిగాడు. బాపు చెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయాడు. ఒక్క మాట కూడా బయటికి రాలేదు, నవ్వుతూనే ఉన్నాడు.